సైంటిస్టు మీద సెమినార్ ఉందా? పుట్టిన తేదీ వదిలేసి ప్రశ్న పట్టుకోండి

ఎమ్మెస్సీ బయోటెక్‌లోనో లైఫ్ సైన్సెస్‌లోనో చేరిన వాళ్లకి ఏదో ఒక సెమిస్టర్‌లో ఈ పని తప్పదు. ఒక మాలిక్యులర్ బయాలజిస్టు పేరు చేతికిచ్చి, "ఈయన పరిశోధన గురించి, దాని ప్రభావం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడు" అంటారు. తర్వాత జరిగేది అందరికీ తెలిసిందే. వికీపీడియా తెరవడం, పుట్టిన ఊరు, చదివిన యూనివర్సిటీ, వచ్చిన అవార్డులు వరసగా స్లైడ్లలో పేర్చడం, ఆఖర్న నోబెల్ మెడల్ బొమ్మ, దాని కింద థాంక్యూ. వెనక బెంచీల వాళ్లు ఫోన్లలో ఉంటారు. సార్ మాత్రం తీరిగ్గా "బాగుందమ్మా, ఇంతకీ ఆయన చేసిన ప్రయోగం ఏంటి?" అని అడుగుతారు, అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

దీన్ని వేరేగా ఎలా చేయాలో ఒక మనిషిని ముందు పెట్టుకుని చెబుతాను. జాక్ మోనో. పారిస్‌లోని పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశాడు, జీన్లు ఎప్పుడు పనిచేయాలో ఎప్పుడు ఊరుకోవాలో ఎవరు తేలుస్తారన్న విషయానికి మొదటి గట్టి సమాధానం ఇచ్చిన వాళ్లలో ఒకడు. మీకు ఇచ్చిన పేరు మార్క్ టాష్నీ అయినా, మైక్రో ఆర్‌ఎన్‌ఏ కనిపెట్టి 2024లో నోబెల్ తీసుకున్న విక్టర్ ఆంబ్రోస్ అయినా, గ్యారీ రవ్‌కన్ అయినా పద్ధతి మారదు.

ముందు ప్రశ్న వెతకండి

మంచి సైంటిస్టు జీవితం మొత్తాన్ని సాధారణంగా ఒకటో రెండో ప్రశ్నలు నడుపుతాయి. ఆ ప్రశ్న దొరికితే సగం పని అయిపోయినట్టే. అది బయోగ్రఫీలో దొరకదు, తొలి రోజుల పనిలో దొరుకుతుంది. పీహెచ్‌డీ థీసిస్ దేని మీదో చూడండి, అందులో ఆ మనిషికి అంతుపట్టకుండా మిగిలిపోయింది ఏమిటో చూడండి.

మోనో థీసిస్ 1941 నాటిది, సోర్బోన్‌లో. పని చాలా మామూలుది, బ్యాక్టీరియాకి చక్కెరలు పెట్టి అవి ఎంత వేగంగా పెరుగుతున్నాయో కొలవడం. ద్రవం ఎంత మసకబారితే అంత పెరిగినట్టు లెక్క. రెండేసి చక్కెరలు కలిపి పెట్టినప్పుడు కొన్ని జతలకి గ్రాఫు గీత నున్నగా పైకి పోయింది. గ్లూకోజ్‌తో పాటు లాక్టోజ్ లాంటిది కలిపినప్పుడు మాత్రం అలా పోలేదు. గీత పైకి లేచి, ఒక చోట బల్లపరుపుగా ఆగిపోయి, కాసేపటికి మళ్లీ లేచింది. ముందు గ్లూకోజ్ అంతా తినేసి, కాసేపు ఊరుకుని, ఆ తర్వాత లాక్టోజ్ మీద పడ్డాయన్నమాట. మోనో దీనికి డయాక్సీ అని పేరు పెట్టాడు.

మీ సెమినార్ మొదటి స్లైడ్ ఈ గ్రాఫే కావాలి. ఇంకా మంచిది, స్లైడ్ వద్దు, బోర్డు మీద చాక్‌పీస్‌తో గీయండి. ఆ బల్లపరుపు ముక్క దగ్గర ఆగి, "ఈ కాసేపట్లో లోపల ఏం జరుగుతోంది?" అని క్లాసుని అడగండి. మోనో తర్వాతి ఇరవై ఏళ్ల పనంతా ఆ చిన్న అడ్డగీత మీదే నడిచింది. ఆయన గ్రాఫు తీసుకెళ్లి పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఆండ్రే ల్వోఫ్‌కి చూపిస్తే, ఇది ఎంజైమ్ అడాప్టేషన్‌కి, అంటే దొరికిన తిండిని బట్టి బ్యాక్టీరియా తన ఎంజైమ్‌లని మార్చుకోవడానికి, సంబంధించింది అయ్యుండొచ్చని ల్వోఫ్ అన్నాడట, మోనో ఆ మాట అంతకుముందు వినలేదట. ఈ సంగతి మోనో తన నోబెల్ ఉపన్యాసంలోనే చెప్పుకున్నాడు. ఆ ఉపన్యాసం నోబెల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. ఏ సైంటిస్టు మీద సెమినార్ ఇస్తున్నా, నోబెల్ వచ్చి ఉంటే ముందు చదవాల్సింది అదే. తాను ఏ దారిన వచ్చాడో, ఎవరి మాట ఎక్కడ పనికొచ్చిందో సొంత మాటల్లో ఉంటుంది కాబట్టి ఏ వెబ్‌సైట్ సారాంశం కన్నా నయం. కాకపోతే గెలిచాక వెనక్కి తిరిగి చూసుకుని రాసింది కదా, దారి ఉన్నదానికన్నా తిన్నగా కనిపిస్తుంది. అది గుర్తుపెట్టుకుని చదవండి.

జీవిత విశేషాలు ఎంతవరకు?

పరిశోధనని మలుపు తిప్పినవి మాత్రమే. మోనో విషయంలో చెప్పాలనిపించేవి కుప్పలుగా ఉన్నాయి. చెల్లో వాయించేవాడు, సంగీత బృందాన్ని నడిపాడు. జర్మన్ల ఆక్రమణ కాలంలో రహస్య ప్రతిఘటన ఉద్యమంలో పెద్ద బాధ్యతల్లోనే ఉన్నాడు. 1948లో జన్యుశాస్త్రాన్ని తోసిపుచ్చిన సోవియట్ లైసెంకో సిద్ధాంతాల మీద పత్రికలో ఘాటుగా రాశాడు. అన్నీ బాగుంటాయి కానీ అన్నీ చెబితే ఇరవై నిమిషాలు వాటికే సరి. నన్నడిగితే ల్వోఫ్ ల్యాబ్‌లో చోటు దొరకడం ఉంచండి, ఆ ల్యాబ్‌కి 1950లో ఫ్రాన్స్వా జకోబ్ రావడం ఉంచండి. జకోబ్ సర్జన్ కావాలనుకున్నవాడు. 1944లో నార్మండీలో తీవ్రంగా గాయపడి ఆ ఆశ వదులుకున్నాడు. పాస్చర్ ఇన్‌స్టిట్యూట్ అటక మీది ల్యాబ్‌లో ఒక చివర ల్వోఫ్, జకోబ్ వైరస్‌ల మీద, రెండో చివర మోనో ఎంజైమ్‌ల మీద పనిచేసేవాళ్లు. ఈ రెండు చివర్లూ కలిశాకే అసలు కథ.

ఒక్క ప్రయోగం ఎంచుకుని చివరిదాకా వెళ్లండి

చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. పేపర్లు పది ఉంటాయి, అన్నిటి గురించీ తలా ఒక వాక్యం చెప్పి బయటపడదామని చూస్తారు. అలా చేయకండి. ఒక్కటే తీసుకోండి, కానీ బ్యాక్టీరియా ఏ రకం, ఏం కలిపారు, ఏం కొలిచారు, ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది అన్నంత వివరంగా చెప్పండి. సెమినార్ టైంలో సగం దీనికే పోయినా పర్వాలేదు.

మోనో దగ్గర తీసుకోవాల్సింది పజామో ప్రయోగం. పార్డీ, జకోబ్, మోనో అనే మూడు పేర్ల మొదటి అక్షరాలు కలిపి ల్యాబుల్లో అలా పిలుచుకుంటారు. ఆర్థర్ పార్డీ 1957లో బర్క్‌లీ నుంచి పారిస్ వచ్చాడు, పూర్తి పేపర్ 1959లో వచ్చింది.

ఇది అర్థం కావాలంటే రెండు జీన్లు చాలు. z అనేది లాక్టోజ్‌ని విరిచే ఎంజైమ్, అంటే బీటా గెలాక్టోసిడేజ్‌ని తయారుచేసేది. i అనేది అదుపు చేసేది. i బాగున్న బ్యాక్టీరియా లాక్టోజ్ లాంటి ఇండ్యూసర్, అంటే ఎంజైమ్ తయారీని మొదలుపెట్టించే పదార్థం, ఉంటేనే ఎంజైమ్ చేస్తుంది. i చెడితే ఉన్నా లేకున్నా ఎప్పుడూ చేస్తూనే ఉంటుంది. ఇక్కడ మోనోకి మొదట్లో ఉన్న ఊహ ఏమిటంటే, i చెడిన బ్యాక్టీరియా లోపలే ఒక ఇండ్యూసర్‌ని తయారు చేసుకుంటోంది, అందుకే బయటి నుంచి అక్కర్లేదు అని. వినడానికి బాగానే ఉంది కదా?

ఇప్పుడు ప్రయోగం. జకోబ్, ఎలీ వోల్మాన్ అప్పటికే బ్యాక్టీరియా జతకట్టడం మీద పట్టు సాధించారు. మగ కణం నుంచి ఆడ కణంలోకి డీఎన్‌ఏ మెల్లగా దారంలా వెళుతుంది, మధ్యలో బ్లెండర్‌లో వేసి తిప్పితే జత విడిపోతుంది, ఏ జీన్ ఎన్ని నిమిషాలకి లోపలికి వెళ్లిందో లెక్క తేలుతుంది. (అవును, వంటింటి బ్లెండరే. పెద్ద మెషీన్ ఏం కాదు.) ఇదే పద్ధతి వాడి z, i రెండూ బాగున్న మగ కణాల్ని, రెండూ చెడిన ఆడ కణాలతో కలిపారు. ఇండ్యూసర్ వేయలేదు. మగ కణంలో i అదుపు చేస్తోంది కాబట్టి ఎంజైమ్ లేదు. ఆడ కణంలో z చెడింది కాబట్టి ఎంజైమ్ లేదు. మరి మగ డీఎన్‌ఏ ఆడ కణంలోకి వెళ్లాక?

నిమిషాల్లో ఎంజైమ్ మొదలైంది, అది కూడా మెల్లగా కాదు, వెంటనే పూర్తి వేగంతో. ఆ తర్వాత గంటా రెండు గంటల్లో ఆగిపోయింది. అప్పుడు ఇండ్యూసర్ వేస్తే మళ్లీ మొదలైంది.

మోనో అనుకున్నట్టు చెడిన i లోపల ఇండ్యూసర్ తయారు చేస్తుంటే, ఆ ఆడ కణంలో ఎంజైమ్ ఆగకూడదు. కానీ ఆగింది. అంటే బాగున్న i జీన్ కొత్త కణంలోకి వచ్చాక ఏదో ఒక పదార్థాన్ని తయారు చేస్తోంది, అది పోగుపడేదాకా z స్వేచ్ఛగా పనిచేసింది, పోగుపడ్డాక నోరు మూసుకుంది. ఇండ్యూసర్ పని జీన్‌ని లేపడం కాదు, దాన్ని నొక్కిపెట్టేదాన్ని పక్కకి తప్పించడం. ఆ నొక్కిపెట్టేదే రెప్రెసర్. మోనో తన ఊహని పట్టుకుని వేలాడకుండా వదిలేశాడు. భౌతిక శాస్త్రవేత్త లియో జిలార్డ్ అప్పట్లో పారిస్ వచ్చి ఇలాంటి ఆలోచనే చెప్పాడని నోబెల్ ఉపన్యాసంలో ఒప్పుకున్నాడు కూడా. పూర్తి వేగంతో వెంటనే మొదలవడం అన్న చిన్న వివరం ఉంది చూశారా, అది ఇంకో తలుపు తెరిచింది. డీఎన్‌ఏకి, ప్రోటీన్‌కి మధ్య త్వరగా పుట్టి త్వరగా పోయే దూత ఒకటి ఉండాలన్న ఆలోచనకి దారి అదే, 1961లో వచ్చిన మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ.

పెద్ద పేపర్ చదివే తీరు

అదే 1961లో జకోబ్, మోనో కలిసి జర్నల్ ఆఫ్ మాలిక్యులర్ బయాలజీలో రాసిన పెద్ద వ్యాసంలో ఒపెరాన్, అంటే ఒకే అదుపు కింద కలిసి నడిచే జీన్ల గుంపు, మొత్తం చిత్రం ఉంది. 318వ పేజీలో మొదలై 356 దాకా పోతుంది. మొదటి వాక్యం నుంచి వరసగా చదవడం మొదలుపెడితే ఐదో పేజీకి నిద్ర గ్యారంటీ. ముందు బొమ్మలు చూడండి. తర్వాత ఈ జీన్లవి రెండేసి కాపీలున్న బ్యాక్టీరియాల ఎంజైమ్ లెక్కల పట్టిక పట్టుకోండి. ఆ పట్టిక అర్థమైతే వ్యాసం అర్థమైనట్టే.

దాని సారం ఇంతే. i చెడిన కణంలోకి మంచి i ఉన్న ఇంకో డీఎన్‌ఏ ముక్కని పంపితే పరిస్థితి అదుపులోకి వస్తుంది, ఎందుకంటే i తయారుచేసేది కణమంతా తిరిగే పదార్థం. ఆపరేటర్ అనే చోటు చెడిందనుకోండి, మంచి ఆపరేటర్ ఉన్న ముక్కని ఎన్ని పంపినా లాభం లేదు, చెడిన చోటికి పక్కనే అతుక్కుని ఉన్న జీన్లు మాత్రం అదుపు తప్పే ఉంటాయి. ఎందుకంటే ఆపరేటర్ ఏ పదార్థాన్నీ తయారు చేయదు, రెప్రెసర్ వచ్చి కూర్చునే గడప అది, ఆ ఇంటికి మాత్రమే పనికొస్తుంది. ట్రాన్స్, సిస్ అని మీరు పరీక్షల కోసం బట్టీ పట్టే తేడా ఇదే.

తప్పులు దాచకండి

ప్రభావం గురించి చెప్పేటప్పుడు మనవాళ్లు భజన చేస్తారు. అది వద్దు. 1961లో రెప్రెసర్ ఆర్‌ఎన్‌ఏ అయ్యుండొచ్చని జకోబ్, మోనో అనుకున్నారు. 1966లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ దాన్ని పట్టుకుని ప్రోటీన్ అని తేల్చారు, ఒక్కో కణంలో గుప్పెడు మాలిక్యూల్స్ మాత్రమే ఉండే దాన్ని రేడియోధార్మిక ఐపీటీజీ (లాక్టోజ్‌లా ఇండ్యూసర్‌గా పనిచేసే కృత్రిమ పదార్థం) సాయంతో వెతికారు. మరుసటి ఏడాది టాష్నీ లాంబ్డా వైరస్ రెప్రెసర్‌ని పట్టుకున్నాడు. ఇంకోటి, అదుపు అంటే ఎప్పుడూ నొక్కిపెట్టడమే అన్న అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. అరబినోజ్ అనే చక్కెరని వాడుకునే జీన్ల మీద పనిచేసిన ఎలిస్ ఎంగిల్స్‌బర్గ్ అలా కాదు, ఇక్కడ ప్రోటీన్ జీన్‌ని లేపుతోంది అని చూపిస్తే ఒప్పించడానికి ఆయనకి ఏళ్లు పట్టింది. ఒక సిద్ధాంతం అందంగా ఉంటే పక్కవాడి డేటాకి కష్టకాలం, అది కూడా ప్రభావమే, చెప్పాల్సిందే.

అసలు మొదటి గ్రాఫులోని అడ్డగీత సంగతి? గ్లూకోజ్ ఉంటే సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న సంకేత అణువు తగ్గి, క్యాప్ అనే ప్రోటీన్ పనిచేయక లాక్టోజ్ వాడకానికి కావాల్సిన లాక్ జీన్లు మూగబోతాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 1996లో జపాన్ పరిశోధకులు పరీక్షించి, గ్లూకోజ్, లాక్టోజ్ జత విషయంలో ముఖ్య కారణం అది కాదు, గ్లూకోజ్ ఉన్నంతసేపు లాక్టోజ్‌ని లోపలికి రానివ్వకపోవడమే అని చూపించారు. మోనో థీసిస్ అయిన యాభై ఏళ్లు దాటాక కూడా ఆ గీత మీద పేపర్లు వచ్చాయి. మీ టెక్స్ట్ బుక్‌లో ఇంకా పాత కథే ఉండొచ్చు, ఒకసారి తిరగేయండి.

ప్రభావం ఎలా కొలవాలి?

గూగుల్ స్కాలర్‌లో సైటేషన్లు చూసి అంకె పెట్టేస్తే అది ప్రభావం కాదు. లాక్ ఒపెరాన్ వాడేవాళ్లలో ఎక్కువమంది 1961 పేపర్‌ని అసలు పేర్కొనరు. చెప్పక్కర్లేనంత మామూలైపోయింది. అందుకని ల్యాబ్‌లోకి వెళ్లి చూడండి.

క్లోనింగ్ ప్రాక్టికల్ చేసే ఉంటారు. రాత్రి ఇంక్యుబేటర్‌లో పెట్టిన ప్లేటు పొద్దున తీస్తే ఆగర్ మీద కొన్ని కాలనీలు నీలంగా, కొన్ని తెల్లగా ఉంటాయి. తెల్లవాటిని టూత్‌పిక్‌తో ఏరుకుంటాం. మన జీన్‌ని మోసుకెళ్లే చిన్న డీఎన్‌ఏ వలయం, అంటే ప్లాస్మిడ్‌లో ఉన్నది బీటా గెలాక్టోసిడేజ్‌లోని చిన్న ముక్క, మిగతా భాగం బ్యాక్టీరియా దగ్గర ఉంటుంది, రెండూ కలిస్తే ఎంజైమ్ పనిచేసి ఎక్స్-గాల్ అనే రంగులేని పదార్థాన్ని నీలం చేస్తుంది. మన జీన్ ఆ చిన్న ముక్క మధ్యలో దూరితే నీలం రాదు. ఇలా ముక్కలు కలిసి పనిచేస్తాయని 1967లో పేపర్ రాసినవాళ్లు ఆగ్నెస్ ఉల్మాన్, జకోబ్, మోనో. ఉల్మాన్ హంగరీ శాస్త్రవేత్త. కమ్యూనిస్టు ప్రభుత్వపు నిర్బంధం నుంచి ఆమెని, భర్తని 1960లో రహస్యంగా సరిహద్దు దాటించడానికి ఏర్పాట్లు చేసింది మోనోయే. నేను పైన జీవిత విశేషాలు తగ్గించమన్నాను కదా, ఇది మాత్రం ఉంచండి. ప్లేటు ఫొటో పెట్టి ఈ కథ చెబితే ఫోన్లు పక్కకి పోతాయి.

ల్యాబ్ దాటి కూడా చూడండి. 1977లో బ్యాక్టీరియాతో సొమాటోస్టాటిన్ అనే మానవ హార్మోన్‌ని తయారు చేసినప్పుడు ఆ జీన్‌ని అతికించింది బీటా గెలాక్టోసిడేజ్ జీన్ వెనకాలే, నడిపింది లాక్ నియంత్రణే. మరుసటి ఏడాది మానవ ఇన్సులిన్ గొలుసుల్ని కూడా అదే తరహాలో చేశారు. మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా పికియా అనే ఈస్ట్‌లో తయారైంది. అందులో వాడింది లాక్ ఒపెరాన్ కాదు, కాబట్టి దాన్ని కూడా మోనో ఖాతాలో వేసి చప్పట్లు కొట్టించకండి. ప్రభావం చెప్పేటప్పుడు హద్దు కూడా చెప్పాలి. మన కణాల్లో జీన్ల అదుపు బ్యాక్టీరియాలోలా ఉండదు, డీఎన్‌ఏ ప్రోటీన్లకి చుట్టుకుని ఉండే క్రొమాటిన్ ఉంది, ఎక్కడో దూరాన కూర్చుని పనిచేసే ఎన్‌హాన్సర్లు ఉన్నాయి, చిన్న ఆర్‌ఎన్‌ఏలు ఉన్నాయి. నిలిచింది, పదార్థం తయారుచేసే జీన్ వేరు, దాన్ని అదుపు చేసే జీన్ వేరు, ఆ అదుపు డీఎన్‌ఏ మీద ఫలానా చోట జరుగుతుంది అన్న చట్రం.

మనుషుల్ని కూడా చూడండి. మోనో దగ్గర పీహెచ్‌డీ చేసిన జాన్-పియెర్ షాంజో ఎంజైమ్‌ల మీద మొదలుపెట్టి తర్వాత నాడీకణాల రిసెప్టర్ల వైపు వెళ్లాడు. మోనో, వైమన్, షాంజో 1965లో ఇచ్చిన అలోస్టెరీ (ప్రోటీన్‌కి ఒక చోట ఏదైనా అతుక్కుంటే ఇంకో చోట దాని పని మారడం) నమూనా హిమోగ్లోబిన్ పాఠంలో మీకు కనిపిస్తుంది. డేవిడ్ హాగ్నెస్ మోనో దగ్గర ఎంజైమ్ కొత్తగా తయారవుతుందని చూపించే పనిలో ఉండి, ఆ తర్వాత డ్రోసోఫిలా జీన్ల మీద పేరు తెచ్చుకున్నాడు. 1965 నోబెల్ జకోబ్, ల్వోఫ్, మోనో ముగ్గురికి వచ్చింది, పజామో అన్న పేరుకి మొదటి అక్షరాలిచ్చిన పార్డీకి రాలేదు. ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయండి, తీర్పులు అక్కర్లేదు.

ప్రశ్నలకి సిద్ధం కావడం

ఇరవై నిమిషాల్లో గ్రాఫుకి నాలుగు, ప్రయోగానికి తొమ్మిది పది, తప్పులకి రెండు, మిగతాది ప్రభావానికి. స్లైడ్ మీద పేరాలు వద్దు. ఇక అడిగే ప్రశ్నలు దాదాపు ఊహించొచ్చు. లాక్టోజ్ ఉండగా ల్యాబ్‌లో ఐపీటీజీ ఎందుకు? కణం దాన్ని తినేయలేదు కాబట్టి వేసినంత మోతాదు అలాగే ఉంటుంది. రెప్రెసర్‌కి నిజంగా అతుక్కునేది లాక్టోజేనా? కాదు, అలోలాక్టోజ్, దాన్ని లాక్టోజ్ నుంచి చేసేది కూడా బీటా గెలాక్టోసిడేజే. అనగానే తెలివైనవాళ్లు ఎవరో ఒకరు చెయ్యి ఎత్తుతారు: జీన్ నొక్కి ఉన్నప్పుడు ఎంజైమూ ఉండదు, లాక్టోజ్‌ని లోపలికి తెచ్చే పెర్మియేజూ ఉండదు, మరి మొదటి అలోలాక్టోజ్ ఎలా పుడుతుంది? రెప్రెసర్ పట్టు నూటికి నూరు శాతం ఉండదు, అప్పుడప్పుడూ వదులుతుంది, ఆ వదిలిన కాసేపట్లో ఒకటీ అరా ఎంజైమ్, పెర్మియేజ్ పుడతాయి, అవి చాలు. ఈ ప్రశ్న ఎవరూ అడగకపోతే మీరే క్లాసుని అడగండి.